మబ్బులో దాచిన మందుల చీటీ



ఆరోగ్యం గురించి వ్రాసుకునే వృద్ధ వైద్యుడికి కంప్యూటర్లతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చు. పని ఉన్నది. రోగి చెప్పిన మాటను కడుపులో దాచుకోవడం వైద్య వృత్తిలో సగభాగం. ఆ మాట ఇప్పుడు వైద్యుడి కడుపులో ఉండడం లేదు, క్లౌడ్‌లో ఉంటున్నది. కనుక ఇది నా విషయమే.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక యువకుడు చాలా ఏళ్ళపాటు నా వద్ద మూర్ఛ వ్యాధికి చికిత్స పొందాడు. మందులు నియమం తప్పకుండా వాడేవాడు. ఐదేళ్ళుగా ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. "బాబూ, చీటీలు పోగొట్టుకోకు, ప్రతి చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో" అని చెప్పినది నేనే. అతడు అలాగే చేశాడు. కొంతకాలానికి పెళ్ళి సంబంధం కుదిరింది. తన వ్యాధి సంగతి అమ్మాయికి తానే స్వయంగా చెప్పాలని అతని కోరిక. ఎలా చెబితే బాగుంటుందో నన్ను సలహా అడిగాడు. మరుసటి ఆదివారం చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

ఆ ఆదివారం రాకముందే అమ్మాయి తరఫువారు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. పెద్దలు కాఫీలు తాగుతూ మాట్లాడుకుంటున్నారు. హాల్లోని టీవీ, ఖాళీగా ఉన్నప్పుడు తనకున్న అలవాటు ప్రకారం, ఇంటివారి ఫొటోలను ఒక్కొక్కటిగా చూపించసాగింది. తిరుపతి యాత్ర, మేనకోడలి పుట్టినరోజు, ఆ తరువాత తెర నిండా నా చేతివ్రాతతో మందుల చీటీ, దాని వెనుకనే ఈఈజీ రిపోర్టు.

ఇందులో దొంగ ఎవరు? ఎవరూ లేరు. ఫోన్‌తో తీసిన ప్రతి ఫొటో తనంతట తానే క్లౌడ్‌కు వెళ్ళింది. ఎన్నడో అదే ఖాతాతో అతని అన్న ఆ టీవీని తెరిచి ఉంచాడు. క్లౌడ్‌లోని ఫొటోలు టీవీలోకి వచ్చాయి. ప్రతి యంత్రమూ తన పని తాను లోపం లేకుండా చేసింది. సంబంధం తప్పిపోయింది. "డాక్టరుగారూ, నేను దాచాలనుకోలేదండి. చెప్పే అవకాశమే నాకు మిగలలేదు" అన్నాడు ఆ అబ్బాయి.

మూర్ఛ వ్యాధి వివాహానికి అడ్డంకి అనే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లో పార్లమెంటు తొలగించింది. మన హాళ్ళలో కూర్చునే పెద్దల మనసుల్లోంచి అది ఇంకా తొలగలేదు. కనుకనే ఆ సంగతి ఎవరి నోట, ఎప్పుడు, ఎలా బయటపడుతుందన్నది ఒక జీవితానికి సంబంధించిన విషయం అవుతున్నది.

ఇక వాదానికి వస్తాను. సొంత పత్రాలను క్లౌడ్‌లో దాచుకోవచ్చునా అని అడిగితే మన నగరంలో రెండు జవాబులు వినబడతాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఇంజనీర్లు "అది మేము కట్టిన కోట, అంత సులభంగా ఎవరూ ఛేదించలేరు" అంటారు. మిగిలినవారు "మన దగ్గర దాచుకోవడానికి ఏముంది లెండి" అంటారు. మొదటిది సగం నిజం. రెండవది పూర్తిగా తప్పు. ఈ రెండు మాటల నడుమ మన వైద్య రహస్యాలు వీధిన పడుతున్నాయన్నది నా అభియోగం.

కోట గురించి

ఇంజనీర్ల పక్షాన చెప్పవలసినది ముందు న్యాయంగా చెబుతాను. క్లౌడ్ అంటే ఆకాశంలోని మబ్బు కాదు. మరొకరి భవనంలోని మరొకరి కంప్యూటరు. ఆ భవనాలు ఎక్కడో విదేశాలలోనే ఉన్నాయనుకోనవసరం లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఈ నగరంలోనే, సరిగ్గా 24 ఏళ్ళకు, 2022 నవంబరులో అమెజాన్ తన హైదరాబాదు క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడ తన డేటా సెంటర్లను నెలకొల్పుతున్నట్లు ప్రకటించింది. అటువంటి చోట సాధారణంగా ఒక ఫైలుకు అనేక ప్రతులు ఉంటాయి. ఒక యంత్రం చెడితే మరొకటి అందుకుంటుంది. మన ఇంటి బీరువాకు ఆ సౌకర్యం లేదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదు లోతట్టు కాలనీలలో నీట మునిగిన ఇళ్ళను తలచుకోండి. తడిసి ముద్దయిన కాగితానికి రెండవ ప్రతి ఉండదు.

సొంత కంప్యూటర్లు పెట్టుకుంటే క్షేమమన్న మాట కూడా నిలవదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబరు దాడి జరిగింది. ఆ ఆసుపత్రిలో రోజుల తరబడి ఓపీ చీటీలు చేతితో వ్రాయవలసి వచ్చింది. అవి ఆసుపత్రి ఆవరణలోని సొంత సర్వర్లే.

అయితే కోటలు కూడా కూలుతాయి. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి క్లౌడ్ వ్యవస్థ, గూగుల్ క్లౌడ్ పక్షాన జరిగిన ఒక అమరిక పొరపాటు వలన తుడిచిపెట్టుకుపోయింది. వేరొక సంస్థ వద్ద విడిగా ఉంచుకున్న ప్రతి వారిని ఆదుకున్నది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటరుకు నిప్పంటుకున్నది. ప్రభుత్వోద్యోగులు తమ పత్రాలు దాచుకునే క్లౌడ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం బూడిదైపోయింది. దానికి వేరే ప్రతి లేదు. కనుక ఫైలు పోకుండా ఉండడానికి క్లౌడ్ మంచి సాధనమే. ఏకైక సాధనం కారాదు.

ఇంతవరకు నాకూ ఇంజనీర్లకూ పేచీ లేదు. పేచీ వచ్చేది తాళంచెవి దగ్గర.

తాళంచెవి ఎవరి దగ్గర?

"మీ ఫైళ్ళను సంకేత భాషలోకి మార్చి భద్రపరుస్తాము" అని ప్రతి క్లౌడ్ సంస్థా చెబుతుంది. అబద్ధం కాదు. కాని ఆ సంకేతాన్ని విప్పే తాళంచెవి సాధారణంగా సంస్థ దగ్గరే ఉంటుంది. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు కావాలి, ఒకటి మీది, ఒకటి బ్యాంకుది. మామూలు క్లౌడ్ ఖాతా అటువంటిది కాదు, హోటల్ గది వంటిది. మీ దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది, మేనేజరు దగ్గర మరొకటి ఉంటుంది. హోటలు మంచిదే కావచ్చు. మేనేజరు మర్యాదస్తుడే కావచ్చు. అయినా గది మీది కాదు.

దీని ఫలితం ఏమిటో ఒక వైద్య సంఘటన చెబుతుంది. 2021 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి తన పసిబిడ్డ మర్మావయవం వద్ద వచ్చిన వాపును వైద్యుడికి చూపడానికి ఫొటో తీశాడు. అవి కరోనా రోజులు. ముందుగా ఫొటో పంపమని కోరినది నర్సే. ఆ ఫొటో ఫోన్ నుంచి తనంతట తానే గూగుల్ క్లౌడ్‌కు చేరింది. అక్కడ ఫొటోలను తనిఖీ చేసే యంత్రం దానిని పిల్లలపై లైంగిక అత్యాచారానికి సంబంధించిన చిత్రంగా భావించింది. ఆయన ఖాతా మూతపడింది. ఈమెయిలు, పరిచయస్తుల చిరునామాలు, ఏళ్ళ నాటి ఫొటోలు, చివరకు ఫోను నంబరు కూడా పోయాయి. పోలీసులు విచారించి నేరమేదీ లేదని తేల్చారు. ఖాతా మాత్రం తిరిగి రాలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ కథనాన్ని వెలువరించింది.

అది అమెరికా సంగతి అనుకుంటారేమో. గుజరాత్‌లో ఒక ఇంజనీరు ఖాతా కూడా ఇటువంటి కారణానికే మూతపడింది. తనకు రెండేళ్ళ వయసులో నాయనమ్మ స్నానం చేయిస్తున్నప్పటి ఫొటోను అతడు క్లౌడ్‌లో ఉంచుకున్నాడు. అతడు హైకోర్టుకు వెళ్ళగా 2024 మార్చిలో న్యాయస్థానం గూగుల్‌కు నోటీసు ఇచ్చింది. బామ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకొని నలుగు పెట్టి నీళ్ళు పోసే ఫొటో లేని తెలుగు ఇల్లు ఉన్నదా చెప్పండి!

పిల్లలపై అత్యాచారాలను అరికట్టడానికి తనిఖీ అవసరమని నేను ఒప్పుకుంటాను. శిశువుల మీద జరిగే ఘోరాలను వైద్యుడిగా నేను చూశాను. నేను చెప్పేది ఇంతే: తనిఖీ చేయగలిగేది ఏదైనా చూడగలిగేదే. తాళం వేసే హక్కు ఉన్నవాడికి మిమ్మల్ని బయట నిలబెట్టే శక్తి కూడా ఉన్నది. ఈ సంగతి తెలిసే మన పత్రాలను అక్కడ పెట్టాలి.

తలుపు తీసి ఉంచేది మనమే

ఇప్పుడు "దాచుకోవడానికి ఏముంది" అనేవారికి జవాబు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. మరి కొద్ది రోజులకే, ఏప్రిల్ మొదటి తేదీన, 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు ఒక్క మనిషి దగ్గరే దొరికాయని ప్రకటించారు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాల జనం వివరాలవి. హర్యానాలోని ఫరీదాబాద్ నుంచి సాగిన వ్యాపారమది. సరుకు కొన్నవారికి ఎలా అందించాడు? క్లౌడ్ డ్రైవ్ లింకుల ద్వారా.

ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి. క్లౌడ్ కోటను అతడు బద్దలు కొట్టలేదు. ఆ కోటనే దుకాణంగా వాడుకున్నాడు. మనం ఒక్కొక్క చోట నమ్మి ఇచ్చిన వివరాలు ఎక్కడెక్కడి నుంచో కారి, ఒక చోట పోగై, చివరకు ఒక లింకుగా మారాయి. ఆ లింకు చేతికి వచ్చినవాడికి అందరి వివరాలూ వచ్చినట్లే.

మనమూ రోజూ చేస్తున్నది అదే. స్కాన్ రిపోర్టును డ్రైవ్‌లో ఉంచి, "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అనే అమరిక పెట్టి, ఆ లింకును బంధువుల గ్రూపులో పంపిస్తాము. వ్యాధి నయమవుతుంది, గ్రూపులోని మనుషులు మారతారు, లింకు మాత్రం అలాగే తెరిచి ఉంటుంది. ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం వంటిది ఇది. ఈ ఫైళ్ళకు ఎన్ని అడుగుల కోటగోడ ఉంటే ఏమి ప్రయోజనం?

పైగా వైద్య సమాచారం మిగిలిన సమాచారం వంటిది కాదు. బ్యాంకు కార్డు వివరాలు బయటపడితే కార్డు మార్చుకోవచ్చు. పాస్‌వర్డు తెలిసిపోతే కొత్తది పెట్టుకోవచ్చు. హెచ్ఐవీ పరీక్ష ఫలితాన్ని ఎలా మార్చుకుంటారు? మానసిక వైద్యుడి చీటీని, గర్భస్రావం జరిగిన తేదీని, జన్యు పరీక్ష రిపోర్టును రద్దు చేసి కొత్తవి తెచ్చుకోగలరా? జన్యు రిపోర్టు ఒక్కరిది కూడా కాదు. అక్కది బయటపడితే చెల్లెలి ఒంటి రహస్యంలో కొంత బయటపడినట్లే. చెల్లెలి అనుమతి ఎవరు అడిగారు?

చట్టం, మా వృత్తి

చట్టం లేదా అంటారా? ఉన్నది. గోప్యత మన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మన వివరాలను తగిన జాగ్రత్తతో కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. వినడానికి బాగానే ఉన్నది. కాని ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, రహస్యం బయటపడిన రోగికి చేరదు. అంతకు ముందు ఐటీ చట్టంలోని 43ఏ సెక్షను ప్రకారం బాధితుడు నష్టపరిహారం కోరే వీలుండేది. కొత్త చట్టం పూర్తిగా అమలులోకి వచ్చాక ఆ సెక్షను తొలగిపోతుంది. గాయపడినది ఒకరు, పరిహారం అందుకునేది మరొకరు! దీనిని ప్రశ్నించవలసిన బాధ్యత ముందుగా వైద్య సంఘాలది. ఆ గొంతు నాకు గట్టిగా వినబడలేదు.

ఎందుకు వినబడలేదో కూడా చెప్పాలి. మా చేతులు శుభ్రంగా లేవు. రోగి పేరు, వయసు కనబడేలా ఉన్న ఎక్స్‌రేలను, సీటీ చిత్రాలను వైద్యుల వాట్సాప్ గ్రూపులలో పంపి సలహాలు అడగడం మాకు అలవాటైపోయింది. నేనూ పంపాను. రోగి మేలు కోరే పంపాను, త్వరగా జవాబు వస్తుందని పంపాను. అయినా ఆ రోగిని అనుమతి అడగలేదు, పేరు చెరిపివేయలేదు. రోగి రహస్యాలను బయటపెట్టరాదని భారత వైద్య మండలి 2002 నాటి నీతి నియమావళి స్పష్టంగా చెబుతున్నది. ఆ నియమాన్ని నేను మీరిన రోజులకు ఈ వ్యాసం కొంత ప్రాయశ్చిత్తం అనుకోండి.

నేను వ్రాసే చీటీ

ఇంత చెప్పి, క్లౌడ్ జోలికి పోవద్దని మాత్రం చెప్పను. అది చెడ్డ సలహా. అదే 2002 నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను వైద్యుడు మూడేళ్ళు భద్రపరిస్తే చాలు. అడిగిన 72 గంటలలో ఇవ్వాలి. ఆ తరువాత మీ రికార్డులకు మీరే దిక్కు. కూకట్‌పల్లిలో తండ్రికి గుండెపోటు వస్తే డాలస్‌లోని కూతురు పాత ఈసీజీని క్షణంలో తెరిచి డ్యూటీ డాక్టరుకు చూపగలగడం క్లౌడ్ చలువే. ఆ మేలును వదులుకోనవసరం లేదు. మందు ఎంత మంచిదైనా మోతాదు ఉంటుంది కదా! ఆ మోతాదు ఇది.

1. మీ పత్రాలను రెండుగా విభజించండి. రక్తం గ్రూపు, వాడుతున్న మందుల జాబితా, పడని మందులు, గుండె, కిడ్నీ రిపోర్టులు అత్యవసర వేళ ఇతరులకు తెలియవలసినవి. ఇవి క్లౌడ్‌లో ఉండవచ్చు. బయటపడితే మీ జీవితాన్ని తలక్రిందులు చేసేవి రెండవ రకం. ఏది ఏ రకమో మీరే నిర్ణయించండి, ఫోనుకు వదిలివేయకండి.

2. రెండవ రకం పత్రాలకు మీ సొంత పాస్‌వర్డుతో తాళం వేసిన తరువాతనే క్లౌడ్‌కు పంపండి. లేదా తాళంచెవి వాడుకరి దగ్గరే ఉండే ఏర్పాటును ఎంచుకోండి. ఉదాహరణకు ఆపిల్ 2022 డిసెంబరు నుంచి అటువంటి ఏర్పాటు ఇస్తున్నది. కాని దానిని మీరు స్వయంగా ఆన్ చేయాలి. అందులో తాళంచెవి పోగొట్టుకుంటే సంస్థ కూడా తెరవలేదు. ఆ తాళంచెవిని కాగితంపై వ్రాసి బీరువాలో ఉంచండి.

3. ఫోన్‌లోని ఫొటోలు తమంతట తామే క్లౌడ్‌కు వెళ్ళే అమరికను ఈ రోజే పరిశీలించండి. చీటీలను మామూలు కెమెరాతో కాకుండా విడి ఫోల్డరులో భద్రపరిచే స్కానరుతో తీయండి. మీ ఖాతా ఏ ఏ ఫోన్లలో, ట్యాబ్‌లలో, టీవీలలో తెరిచి ఉన్నదో చూసి, అక్కరలేనివి మూసివేయండి.

4. రిపోర్టును లింకుగా పంపవలసి వస్తే ఫలానా మనిషికి మాత్రమే కనబడేలా పెట్టండి. పని కాగానే ఆ అనుమతి తీసివేయండి. పసిపిల్లల శరీర భాగాల ఫొటోలను సాధ్యమైనంతవరకు తీయకండి, బిడ్డనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.

5. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకోండి. 2014లో హాలీవుడ్ నటీమణుల క్లౌడ్ ఫొటోలు బయటపడినది చాలావరకు దొంగ ఈమెయిళ్ళు నమ్మి పాస్‌వర్డులు ఇచ్చినందువలన.

6. ముఖ్యమైన పత్రాల ప్రతి ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులోనో, కాగితం మీదనో తప్పక ఉంచండి. గూగుల్ ఖాతాను రెండేళ్ళు వాడకపోతే సంస్థ తొలగించవచ్చు. స్వర్గస్థుడైన తండ్రి ఖాతాలో ఉన్న కుటుంబ వ్యాధుల చరిత్ర కూడా దానితోనే పోతుంది.

చివరగా మాదాపూర్ ఇంజనీర్లకు ఒక విన్నపం. మీరు మా పిల్లలే. మీలో కొందరు నా చేతుల మీదుగా పుట్టినవారు కూడా. ఫోను కొత్తగా తెరిచినప్పుడు "అన్నీ పంపించు" అన్నది ముందుగానే ఎంపికై, "వద్దు" అన్నది నాలుగు పేజీల లోపల ఉండడం యంత్రం చేసిన నిర్ణయం కాదు. ఎవరో ఒక మనిషి ఏదో ఒక గదిలో కూర్చొని చేసిన నిర్ణయం. ఆ గదులలో కొన్ని ఈ నగరంలోనే ఉన్నాయి. శస్త్రచికిత్సకు ముందు మేము సంతకం తీసుకుంటాము. ఏమి కోస్తామో, ఎందుకు కోస్తామో రోగి భాషలో చెప్పి మరీ తీసుకుంటాము. ఒక మనిషి మందుల చీటీని అతని హాల్లోని టీవీ దాకా చేర్చే ముందు మీరూ అంతపాటి మర్యాద పాటించండి.

ఆ అబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదు. మందులు వాడుతూనే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. మొన్న కనబడినప్పుడు చీటీని జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం.